నిన్నటి రేటు

ఏప్రిల్ ఇరవై తొమ్మిది. రేపటితో గడువు సరి.
వంటింటి బల్ల మీద నలభై ఒక్క పేజీల స్టేట్‌మెంటు,
పక్కన చల్లారిన బార్లీ కాఫీ,
నాలుగింటికి నేను తీయాల్సిన ట్రాము తాళంచెవి.

మా ఊరు వూచ్. పడవ అని దానికర్థం.
నదులన్నీ భూమి కింద గొట్టాల్లో పారతాయి.
పైన నేను ట్రాము నడుపుతాను,
ఈ కొస నుంచి ఆ కొసకి, మళ్లీ ఈ కొసకి.
చివరి స్టాపులో దొరికే ఏడు నిమిషాల్లో
బొటనవేలితో షేర్లు కొన్నాను.
షేర్లంటే నిండు షేర్లనుకునేరు.
బూట్ల కంపెనీలో సున్నా పాయింట్ సున్నా ఎనిమిది,
అంటే ఎడమకాలి బూటు లేసులో సగం.

కొన్నంత సులువు కాదు లెక్క చెప్పడం.
యాప్ డాలర్లలో మాట్లాడుతుంది,
పన్నులాఫీసుకు జ్లోటీలే వినపడతాయి.
మారకం రేటు ఏ రోజుది వెయ్యాలి?
కొన్న రోజుది కాదట,
దాని ముందరి పనిదినానిదట.
ప్రతి పద్దుకూ దాని నిన్న కావాలి.
మూడు వందల పన్నెండు పద్దులు,
మూడు వందల పన్నెండు నిన్నలు
ఒక్కోదాన్నీ వేలు పెట్టి వెతుకుతున్నాను.

సోమవారం కొన్నదానికి శుక్రవారం రేటు.
మధ్యలో శని, ఆదివారాలు చట్టానికి లేనే లేవు.

అలాంటి లేని ఆదివారమే
హల్ష్కా గసగసాల రొట్టె పట్టుకొచ్చింది.
మా అక్క. మేజోళ్ల మిల్లులో మిషను ముందు
పాతికేళ్లు వంగిన వీపు.
నా ఫోన్లో యాప్ తనే పెట్టించి,
కవరులోంచి ఆరు వందలు తీసి
"నీ పేరు మీదే వెయ్యి, నాకీ తలనొప్పులొద్దు" అంది.
రొట్టె తునకలు స్క్రీను మీద రాలితే
ఊదుకుంటూ, ఊదలేక నవ్వుకుంటూ కూర్చున్నాం.
బ్యాంకు పట్టికంతా వెతికాను.
ఆ రోజుకు రేటు లేదు.

తర్వాత గీత కిందికి దిగింది.
నవంబరులో అక్క కూడా మెట్లు దిగింది,
తలుపు వెయ్యకుండా.
ఫారంలో అన్నిటికీ గడులున్నాయి,
ఆ ఆరు వందలకి లేదు.

ముందు కొన్నది ముందు అమ్మినట్టే లెక్కట.
మా డిపోలో అలా కుదరదు.
రాత్రి ఆఖర్న దూరిన బండే తెల్లారి ముందు బయటపడాలి,
మొదటొచ్చింది గోడవైపు మంచులో పడి ఉంటుంది.
నా లోపలా, నిజం చెప్తున్నా, డిపో లెక్కే.
"నా డబ్బు తిన్నావు" అన్న మాటే ఎప్పుడూ ముందు బయటికొస్తుంది.
రొట్టె దాని వెనకెక్కడో ఉంది.

రెండున్నరకి తేలింది.
నష్టం, పదకొండు వందల నలభై.
దీన్ని ఐదేళ్ల దాకా దాచుకోవచ్చట,
ఎప్పుడైనా లాభమొస్తే అందులోంచి కోసుకోవచ్చట.
ఆ పైన చెల్లదు.
నష్టానికీ గడువు తేదీ ఉంటుందని
పెరుగు డబ్బా మూత తిప్పి చదివినట్టు చదివాను.

ఊరికే పోనిస్తారా? అక్కడోటి ఇక్కడోటి
చిల్లర డివిడెండ్లు పడ్డాయి.
పదిహేను శాతం అక్కడే తుంచుకున్నారు,
మిగతా నాలుగు నేనిక్కడ కట్టాలి.
పైసలు వదిలేసి నిండు అంకె వేస్తే
మూడు జ్లోటీలు.
ఇంత రాత్రి మేలుకుని, మూడు!
నా ట్రాములో టికెట్టు కూడా రాదు.

కట్టేశాను. ఫోను చేతిలోనే ఉంది.
యాప్ తెరవలేదు, మెసేజీ తెరిచాను.
"అక్కా, మన పన్ను మూడు జ్లోటీలు.
నీ వాటా ఒకటిన్నర.
చట్టం పైసలు వదిలేస్తుంది, నేను వదలను.
ఆదివారం వచ్చి ఇచ్చిపో."

మూడూ యాభైకి డిపోలో
గోడవైపున్న బండి కావాలన్నాను.
"దానికోసం నాలుగు బండ్లు జరపాలి" అని
బోగూస్ విసుక్కున్నాడు.
జరపమన్నాను.