దగ్గు తీసేసిన పాట

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక
మిరపకాయల ముచ్చికలు తీస్తూ సలోమమ్మ పాడేది.
చరణానికీ చరణానికీ మధ్య ఒక దగ్గు.
ఆ దగ్గు మీదే పక్కవాళ్ళు పల్లవి అందుకునేవాళ్ళు.

రికార్డు చేసింది నేనే,
అరండల్‌పేట మేడమీద
కోడిగుడ్ల అట్టలు గోడలకు అంటించుకున్న గదిలో.
కంపెనీ కుర్రాడు మర్యాదస్తుడు.
"దగ్గు తీసేద్దాం అంకుల్" అన్నాడు.
తీశాను.
"ముప్పై సెకన్లు చాలు" అన్నాడు.
కోశాను.
ఖాళీ అయిన చోటల్లా బీటు పోశాను.

ఆమెకు ఐదు వేలు, ఒక శాలువా.
గుంటూరు మే నెలలో శాలువా!
వేలిముద్ర వేయించిన కాగితాలు
ఎన్ని పేజీలో నేనూ లెక్కపెట్టలేదు.

ఇప్పుడది పెళ్ళి ఊరేగింపుల్లో,
సబ్బు ప్రకటనలో,
బస్టాండులో పక్కవాడి ఫోన్లో.
ఎక్కడ విన్నా దగ్గు నాకొస్తుంది.

మొన్న మనవరాలు
అవ్వ పాడుతుంటే వీడియో తీసి పెట్టిందట.
గంటలో శబ్దం పోయింది.
హక్కులు వేరేవారివని కింద రెండు ముక్కలు.
సలోమమ్మ పెదాలు కదులుతున్నాయి,
వేళ్ళు ముచ్చికలు తుంచుతున్నాయి,
అంతే.

"మా అవ్వ పాట మేం పాడుకోవాలంటే
ఎవర్నడగాలి అంకుల్?"

ఏం చెప్పను? పాత డిస్కు వెతికాను.
అసలు పాట లేదు.
కోసి పారేసిన ముక్కల ఫోల్డరులో
పదకొండు దగ్గులు మిగిలాయి.
వాటిని ఎవరూ కొనలేదు.

వరసగా కలిపి వినిపించాను.
నాలుగోదానికి పిల్ల కాలు కదిలింది.
ఐదోదాని మీద
పల్లవి అందుకుంది.