ఇసుక పెట్టె

నలభై ఏళ్లుగా త్బిలిసీలో ఇల్లిల్లూ తిరిగి
పియానోలకు శ్రుతి చేస్తున్నాను.
నా చెవి మీద నాకు పొగరు. ముందే చెప్పేస్తున్నా.

ఖాచో, మా భాషలో విరిగిన పాలముద్ద,
రాత్రి మూడింటికి మంద్రం నుంచి తారం దాకా
పియానో మెట్ల మీద పరుగెత్తేవాడు.
కర్టెన్ వెనక నక్కి, తోక మాత్రం బయట మరిచిపోయి,
పిర్రలు రెండుసార్లు ఊపి
నా చీలమండ మీదికి దూకేవాడు.
పాత సుత్తుల డబ్బాలో దూరి మాయమైతే
వెతకడం నా వంతు, దొరక్కపోవడం వాడి వంతు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం
ఇసుక పెట్టెలోకి వెళ్లాడు. తవ్వాడు. వచ్చేశాడు.
మళ్లీ వెళ్లాడు.
నవ్వాను.
కింది అంతస్తు రొట్టెల నుగ్జార్ కూడా నవ్వాడు:
"నిధి పాతిపెట్టాడేమో లమారా, వాటా అడుగు."
పొట్ట కింద అదేపనిగా నాకుతుంటే
శుభ్రం ఎక్కువైందిరా నీకు, అన్నాను.
అయిదోసారికీ ఇసుక పొడిగానే ఉంది.
అది చూశాను. చూసి, టీ పెట్టుకున్నాను.

ఆ టీ ఇంకా గొంతు దిగలేదు.

తర్వాత డబ్బాలో దూరాడు, అదే డబ్బా.
ఆటలో ఎంత దాక్కున్నా
ఒక కన్ను నా మీదే ఉంచేవాడు,
చూస్తున్నానా లేదా అని.
ఆ రోజు రెండు కళ్లూ ఎటూ చూడలేదు.
అప్పుడు అరిచాడు.
ఆకలి అరుపు నాకు తెలుసు, అలక తెలుసు,
తలుపు తియ్యమనే దబాయింపూ తెలుసు.
ఇది వాటన్నిటి కింద ఎక్కడో,
తెగబోయే ముందు తీగ బిగుసుకునే చోట.
పొట్ట కింద చెయ్యి పెడితే
పచ్చి పీచ్ కాయంత గట్టిగా ఏదో.

నుగ్జార్ పిండి చేతులతోనే వ్యాన్ తీశాడు.
డాక్టర్ ఏతెరీ తిట్టలేదు.
"మగపిల్లి. మూత్రం దారి మూసుకుపోయింది.
తెల్లారేదాకా ఆగి ఉంటే" అని,
మిగతా మాట వదిలేసి
సన్నని గొట్టం వెతుక్కుంది.

మూడు రోజులు ఎవరి పియానో ముట్టుకోలేదు.
చెవి నాది కాదనిపించింది.

ఇప్పుడు మళ్లీ మూడింటికి మెట్ల మీద పరుగు.
పై షడ్జం ఒకటి కాస్త దిగింది, సరిచెయ్యాలి.
లేచి కూర్చుంటాను, దానికోసం కాదు.
వాడు ఇసుక పెట్టెలోకి దిగాక
దీపం వెయ్యకుండా, ఊపిరి బిగబట్టి వింటాను:
తవ్వడం, ఆగడం,
ఇసుకలో సన్నని ధార.

ఎన్ని మాత్రలు పలికిందో లెక్కపెట్టుకుని
పడుకుంటాను.