పదకొండు నెలల మునగచెట్టు

చిత్తూరు కోర్టు గోడవారగా
రేకు నీడలో నా టైపు మిషను.
పదహారేళ్ళుగా బాడుగ కాగితాలు కొడతా ఉన్నా,
పదకొండు నెలలకొకటి.
ఫ్యాన్లు రెండు, ట్యూబులైట్లు మూడు,
కొళాయి ఒకటి, దాని వాషరు పోయింది.
అన్నీ రాస్తా.
ఎవరి కాగితంలోనూ ఇంతవరకు
చెట్టు అని కొట్టలేదు.

గిరింపేటలో మేముండే ఇంటి పెరట్లో
మునగకొమ్మ నాటింది మోహనాంబ.
యాదమరి సంతలో ఎవరో ఊరికే ఇచ్చినారంట.
మూరెడు గుంత,
కోసిన నెత్తిన పేడముద్ద, టోపీ మాదిరి.
మూడు అగ్రిమెంట్లు మారేసరికి
గోడ దాటి పక్కింట్లోకి వంగింది చెట్టు,
మాకెవరికీ లేని చనువుతో.

ఆ పక్క కాయలు దిగినన్నాళ్ళూ
వేలాయుధం మొదలియారు నోరెత్తలేదు.
సాంబారు వాసన మా దాకా వచ్చేది.
మేమూ ఎత్తలేదు.

కార్తీకం వానలకు పురుగు పట్టింది.
మాను నల్లటి గొంగడి కప్పుకుంది,
గొంగడి కదులుతా ఉంది.
దండెం మీది గౌను తొడుక్కుంది
ఆయన మనవరాలు పొన్ని.
ఒళ్ళంతా దద్దుర్లు. రాత్రంతా ఏడుపు.
గోడకివతల మేమూ నిద్రపోలేదు.
తెల్లారి పోయి చెప్పినా,
సాయంత్రం దివిటీ కట్టి కాలుస్తా సార్, అని.

సాయంత్రానికి చెట్టు సగముంది.
గోడ వరకైతే సరే అందును.
గోడ ఎక్కి, మా పక్కకు మూడడుగులు లోపలికొచ్చి
నరికించినాడు.
మునగ కదా, కత్తి కూడా అక్కర్లేదు,
కోపం ఆనించినా విరుగుతుంది.
తెల్లటి గాయం మీద
ఎర్రగా బంక.

"చెట్టు నీదా?"
"నాటింది మేము."
"నేల నీదా?"
"కాదు."
"గోడ?"
"అదీ కాదు."
"మరి నువ్వెవరబ్బా?"
నేనెవరో మూడు పేజీల్లో నేనే కొట్టుకున్నా,
ఇంట్లో ఫైలులో ఉంది.
నోటికి మాత్రం రాలేదు.

"మా కాయలు తిన్న నోరేనా అది?"
అడిగేసింది మోహనాంబ.
అవతల్నుంచి వల్లియమ్మ అరవంలో ఏదో అనింది.
చిత్తూరులో అరవం తెలియనిదెవరికి?
తెలియనట్టు నిలబడినాం.

ఇంటి ఓనరు పలమనేరులో ఉంటాడు.
ఫోనులో, "చెట్టా? మనింట్లో చెట్టుందా?"
కాస్త ఆగి,
"వేరు గోడలోకి దిగుంటే
మీ అడ్వాన్సులో పట్టుకుంటా."

ఆ రాత్రి నోటీసు కొడదామని కూచున్నా.
'నష్టపు విలువ' దగ్గర వేలు ఆగింది.
కాయ అయిదు రూపాయలు, సరే.
ఆషాఢంలో ఒక పూట ఆకుకూర?
పొద్దున ఏడు గంటలకు
వంటింటి గచ్చు మీద కదిలే చిల్లుల ఎండ?
ఆ పిల్ల దద్దుర్లు
ఇందులోంచి తీసెయ్యాలా, వద్దా?
కాగితం లాగేసినా.
రోలరు కిర్రుమనింది.

మూడు నెలలు మాటల్లేవు.

నిన్న మిద్దె మీద వడియాలు ఎత్తుతూ
చెయ్యి ఊపి పిలిచింది మోహనాంబ.
పక్కింటి దండేనికి కొత్త గుంజ.
మా కొమ్మే.
నరికింది పారెయ్యక పాతుకున్నాడు మనిషి.
దాని కణుపుల్లో మూడు చోట్ల
చిగురు.

బనియన్లు ఆరేస్తా ఆయనా చూసినాడు.
వంగి, చిటికెనవేలితో తాకినాడు.
గిల్లేస్తాడనుకున్నా.
లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చినాడు.

"మళ్ళీ పురుగు పడుతుందని చెప్పు" అనింది ఈమె.
"నువ్వే చెప్పు" అన్నా.
వడియాలన్నీ ఎత్తేసినాక కూడా
ఇద్దరం అక్కడే ఉన్నాం.

మా గడువు ఈ నెలాఖరుకు తీరుతుంది.
కొత్త కాగితం నేనే కొట్టుకోవాలి.
ఫ్యాన్లు రెండు, ట్యూబులైట్లు మూడు,
కొళాయి ఒకటి, వాషరు నేనే వేయించినా.
దాని కింద ఒక వరుస
ఖాళీ వదిలినా.