వచ్చిన దారినే

చినన్‌దేగాలో ఆదివారం మధ్యాహ్నం.
వేరుశనగ మిల్లు పొట్టు గాల్లో లేస్తోంది.
దూరాన సాన్ క్రిస్తోబాల్ కొండ పొగ వదులుతోంది,
ఆట రోజు ఎవరూ అటు చూడరు.

మూడేళ్లుగా నాది ఒకటే జబ్బు: ఫాస్ట్‌బాల్.
వంకర బంతిని పసిగడతాను, నెమ్మది బంతికి ఓపిక పడతాను,
వేగం మాత్రం నన్ను దాటిపోయాకే కనిపిస్తుంది,
చిల్లర ఏరుకునేలోపు కదిలిపోయిన బస్సులా.
"కళ్లని నమ్మకురా, కళ్లు ఆలస్యం" అనేవాడు దోన్ ఫెర్మీన్.
"వాడి భుజం చెప్పేది విను.
ముందు నీ మడమ లేవాలి, అనుకోవడం తర్వాత."
చెప్పడం తేలికే.
గ్యారేజీలో గేర్‌బాక్సులు విప్పేవాణ్ణి నేను,
విప్పి చూస్తే గాని దేన్నీ నమ్మను.
రెప్పపాటుని ఏ స్పానర్‌తో విప్పను?

ఎదురుగా మౌండ్ మీద ఎవెనోర్.
నలభై ఒకటి. పొట్ట బెల్టు మీంచి తొంగి చూస్తుంటుంది.
కుర్రాళ్లకి అతనంటే నవ్వు.
రోజూ తెల్లారకముందే, మూతపడ్డ పత్తి గోదాము గోడకి
బంతి కొట్టి, తిరిగొచ్చేదాన్ని పట్టి,
ఎడమకి వంగి, కుడికి వంగి,
ఆయాసంతో ఉత్తుత్తి ఫస్ట్ బేస్ దాకా పరిగెత్తి
పాత టైరు మీద కాలేసి
"అవుట్!" అని తనే అరుచుకుంటాడు.
విసిరేశాక పిచర్‌కి ఇంకేం పని, అన్నాను ఒకసారి.
టైరు మీంచి కాలు తీయకుండానే అన్నాడు:
"విసిరాక నేను పిచర్ని కాదు.
అందరికంటే దగ్గరగా నిలబడ్డ దిక్కులేనివాణ్ణి."

తొమ్మిదో ఇన్నింగ్స్. ఒక్క పరుగు వెనక ఉన్నాం.
రెండు అవుట్లు. మూడో బేస్‌లో మావాడు.
భుజం ఏం చెప్పిందో తెలీదు,
నా మడమ లేచింది.
చేతుల్లో అదురు లేదు. బ్యాట్‌లో బరువు లేదు.
మూడేళ్ల బాకీ ఒక్క దెబ్బతో తీరినట్టు
బంతి సూటిగా, వచ్చిన దారినే,
అతని గుండెకేసి.

విసిరిన ఊపులో అతనింకా ఒంటికాలి మీదున్నాడు.
టోపీ ఒకవైపు, పొట్ట ఒకవైపు.
గ్లోవ్ మాత్రం
అప్పటికే అక్కడుంది.

నాలుగడుగులు పరిగెత్తి ఆగాను.
గూట్లో గుడ్డు పగిలిందేమోనని చూసేవాడిలా
గ్లోవ్ తెరిచి లోపలికి చూసుకున్నాడు.
చెయ్యి విదిలించుకుంటూ నా వైపు తిరిగి,
"ఆ గోడ ఎప్పుడూ ఇంత గట్టిగా కొట్టలేదురా" అన్నాడు.

ఇంటికెళ్లి, ఓడిపోయామని
ఎంత సంతోషంగా చెప్పానో ఏమో,
మార్లీన్ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది
జ్వరమేమోనని.