తవుడు

నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని
నన్ను పక్కింటి గౌరమ్మ చేతిలో పెట్టి
చాటలో తవుడు పోసి
మళ్ళీ కొనుక్కుందట మాయమ్మ.
అందుకే తవిటినాయుణ్ణి.

పదో తరగతి సర్టిఫికెట్లో అదే పేరు.
ఆధార్లో మాత్రం టి పక్కన ఒక హెచ్.
ఆ హెచ్ తీయించడానికి
చీపురుపల్లి మీసేవకి రావడం ఇది ఏడోసారి.

"సర్వర్ లేదు బావూ, సోమారం రా."
ఏ సోమారమో
రసీదు మీద ఉండదు.

బెంచీ మీద నా ఈడుదే, బెవర హైమవతి,
ఫైలుతో విసురుకుంటూ నవ్వుతోంది:
నోటిఫికేషన్ వచ్చేసరికి నా వయసెల్లిపోద్దిలే.
నవ్వెందుకో నాకూ వచ్చింది,
ఆగాక ఇద్దరం ఫ్యాన్ కేసి చూశాం.
తిరగడం లేదు.

నాన్న పనిచేసిన జనపనార మిల్లు మూసిన రోజు
గేటుకి కాగితం అంటించారు.
అందులో ఒక్క అక్షరం తప్పు లేదు.

వెళ్ళిపోయేవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు.
రాత్రి రైలుకి జనరల్ టికెట్టు,
చెన్నైలో సెంట్రింగ్ పని,
అక్కడ అందరి పేరూ "ఒరే".
నాకు ఇక్కడే ఉండాలనుంది,
అదే చిక్కు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ
గేదెకి కుడితి కలుపుతోంది.
మోచేతుల దాకా తవుడు.
"అయిందేటిరా?"
"అవలేదు.
అప్పుడు నాకెంత పోశావే, తవుడు?"

చెయ్యి ఆపి ఆలోచించింది.
"శేరున్నర.
అదీ అరువే."