నరం లేని నాలుక

బరంపురం పెద్దాసుపత్రి. ఓపీ చీటీ మీద ఒడియాలో నా పేరు.
డాక్టరమ్మ పాఢి గారు పలచటి గుడ్డతో
నా నాలుక పట్టుకుని బయటికి లాగింది.
"లోపలికి తియ్యకు. మాట్లాడకు.
రుచి తెలిస్తే ఈ అట్ట మీద వేలు పెట్టు."
అట్ట మీద నాలుగు గళ్లు. నాలుగూ ఒడియా అక్షరాలే.

చదవలేనని ఎలా చెప్పను,
నాలుక ఆవిడ చేతిలో ఉంటే?

ఇరవై రెండేళ్లుగా బిసోయి గారి ఊరగాయల షెడ్డులో
జాడీ మూత తీసి రుచి చెప్పేది నేనే.
ఉప్పు చాలదంటే చాలదు. ఆవ ఎక్కిందంటే ఎక్కింది.
"దాలమ్మ నాలుక తక్కెడ" అనేవాడు ముసలాయన.
కూలి పెంచమన్నప్పుడు మాత్రం, తెలుగు నేర్చుకుని మరీ,
"నరం లేని నాలుక, ఎన్నయినా అంటుంది" అనేవాడు.

పోయిన మంగళవారం పుక్కిలిస్తే
నీళ్లు ఎడమ మూల నుంచి జారిపోయాయి.
ఆ కన్ను మూతపడదు.
అప్పడం విరిగితే ఆ చెవిలో టపాకాయ.
మాగాయ ముక్క కొరికితే
ఓ పక్క మామిడి, ఓ పక్క తడిసిన అట్టపెట్టె.

పుల్లకి చుట్టిన దూది. ఎడమవైపు రాసింది.
తడి తగిలింది, అంతే.
పుక్కిలించు. మళ్లీ దూది. మళ్లీ తడి.
కుడివైపు రాసింది.
చక్కెర!
తలుపు తోసుకుని ఇంట్లోకి ఎవరో వచ్చినట్టు.

వేలు గాల్లోనే ఆగిపోయింది.
నర్సు హైమావతిది ఇచ్ఛాపురం. నా కళ్లు చూసి
అట్ట తిరగేసి పెన్నుతో గీసింది:
తీపి, ఉప్పు, పులుపు, చేదు.
పులుపు కొమ్ములు వంకరగా పడ్డాయి. అయినా నోరూరింది,
ఆ ఊరిన నీరు కూడా ఎడమ మూలనే కారింది.

చీటీ వెనక డాక్టరమ్మ బొమ్మ వేసింది.
మొహాన్ని నవ్వించే నరం చెవి వెనక నుంచి వస్తుందట.
దాన్నించే దారప్పోగంత కొమ్మ ఒకటి
కర్ణభేరి వెనగ్గా దూరి నాలుక్కి దిగుతుందట,
ముందు రెండొంతుల రుచీ ఆ దారినే పోతుందట.
అంటే ఇన్నేళ్లూ
ప్రతి జాడీలో ఉప్పూ నా చెవిన పడ్డాకే
చాలదని చెప్పానన్నమాట.

చివరి దూది చేదు. ఎడమన ఏమీ లేదు.
నాలుక లోపలికి తీసుకున్నానో లేదో
గొంతు దగ్గర భగ్గుమంది.
"అది వేరే నరం, దానికేం కాలేదు" అంది హైమావతి.

మాత్రలు, కంట్లో చుక్కలు. నెలన్నర పట్టొచ్చట.
రేపు షెడ్డుకి వెళ్తాను, కుడిపక్క నములుతాను.
ముసలాయనకి చీటీ చూపించాలి.
నరం ఉంది.
బొమ్మ కూడా ఉంది.