సొలాంజ్ దుప్పటి

అద్దెకు దిగిన మొదటి రాత్రి
మంచం మీద పరిచిన తెల్ల దుప్పటిలో
ఏవో అక్షరాలు, ఉతికి ఉతికి వెలిసిపోయినవి,
నా పక్కటెముకల కిందికి వచ్చాయి.
మరకలనుకున్నాను.
పొద్దున అడిగితే
సొలాంజ్ కాఫీ వంపుతూ నవ్వింది:
"అది మంచం మీద కన్నా వీధిలోనే ఎక్కువ బతికింది."

ఒక చివర రైలు.
మా ఊళ్ళో ఆగే సాయంకాలపు బండిని ఎత్తేస్తామన్న ఏడాదిది.
దాని మీద అడ్డంగా పింఛను,
గోడకి వేయగా మిగిలిన ఎర్ర రంగుతో.
మడత దగ్గర సగమే కనిపించేది వాళ్ళమ్మ రాసిందట,
గాజు ఫ్యాక్టరీకి తాళం పడ్డప్పుడు.
పలక మీద చెరిపి రాసినట్టు
అక్షరాల మీద అక్షరాలు,
పూర్తిగా చెరగడానికి మాత్రం ఏదీ ఒప్పుకోలేదు.

ఈసారి ప్రసూతి వార్డు.
పురిటికి యాభై కిలోమీటర్లు పొమ్మన్నారు ప్యారిస్‌లో,
మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీసినంత తేలిగ్గా.
వంటింటి బల్ల మీద దుప్పటి పరిచారు.
పక్కింటి ఎర్వే, నోరు తెరిస్తే తలుపు గడియ పడ్డట్టుండే మనిషి,
సుద్దముక్కతో గీతలు కొట్టాడు.
"మా పిల్లలు దారిలో పుట్టరు" అని రాయాలా,
"ఇక్కడే పుడతారు" అని రాయాలా,
రాత్రి పదకొండు దాకా వాదులాట.
ఈ ఊళ్ళో కోపానికి కూడా వ్యాకరణం చూస్తారు.

శనివారం. ముసురు.
స్టేషన్ నుంచి ప్రభుత్వ కార్యాలయం దాకా
పట్టుమని కిలోమీటరు లేదు.
ముందు నెలలు నిండిన మయెల్,
పొట్ట మీద రెయిన్‌కోటు గుండీలు పడక.
వెనకే మంత్రసాని మార్సెలిన్,
ఊరి సగం మందిని భూమ్మీదికి లాగిన చేతులు జేబుల్లో పెట్టుకుని.
నెరిసిన మీసాల వాళ్ళు సైతం పక్కకి తప్పుకుని దారిచ్చారు.
గరిటెలు, మూకుళ్ళు, సాసేజీల పొగ.
మందుల షాపాయన "మళ్ళీ మొదలెట్టారు, ఈ దేశం బాగుపడదు"
అని గొణుగుతూనే
గొంతు మాత్రలు సగం ధరకిచ్చాడు.
ఆగిపోయిన బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు,
విసుగనుకున్నా.
కాదు, తాళం వేస్తున్నాడు.

నేను పుట్టినచోట
వీధిలో కేక వినబడితే
కిటికీ మూయడం ముందు నేర్పుతారు,
నడక తర్వాత.
ఇక్కడ తండ్రులు పిల్లల్ని భుజాలకెక్కించుకుని
అత్త, మామ పలికించినట్టు
నినాదాలు పలికిస్తున్నారు.
గెలుస్తామన్న పూచీ ఎవరూ ఇవ్వలేదు.
పెళ్ళికి వెళ్ళినట్టు, చావుకి వెళ్ళినట్టు
వెళ్ళకపోతే బాగోదని వచ్చారు.
అంతకంటే పెద్ద కారణం ఎవరినడిగినా చెప్పలేదు.

నేను పిడికిలి ఎత్తలేదు.
దుప్పటి మూల గాలికి జారిపోతుంటే
పట్టుకున్నాను, అంతే.
సొలాంజ్ చూసింది. ఏమీ అనలేదు.
ఇంకొంచెం పైకి, అన్నట్టు గడ్డం ఎత్తింది.

పోలీసుల లెక్క నాలుగు వందలు.
యూనియన్ లెక్క పదకొండు వందలు.
బేకరీ ఆన్సెల్మ్ ఖాళీ బుట్టలు చూపించి
"ఎనిమిది వందల రొట్టెలు" అన్నాడు.
నేనా లెక్కే నమ్మాను.

వార్డు జూన్‌లో మూసేశారు.
మయెల్ కూతురు అంతకు నాలుగు రోజుల ముందే
తొందరపడి వచ్చేసింది.
దుప్పటిని సొలాంజ్ వేణ్ణీళ్ళలో నానబెట్టింది.
నీలం సగమే పోయింది.
గుడ్డ పల్చబడిపోతోందన్నాను.
కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టి చూసుకుంది చాలాసేపు,
అంచు ఎక్కడెక్కడ పీలికలైందో వేలితో తడుముతూ.
"ఆ సూదిలో కాస్త దారం ఎక్కించిపెట్టు,
నాకు కళ్ళానడం లేదు."